ప్రజాతి దాకా ఒప్పుకుంటాను

ఒకరు జంతుశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైన మావయ్య. ఇంట్లో పాత మైక్రోస్కోపు, అలమరలో ఆల్కహాల్ సీసాలు. రెండోది రుషికొండ ఐటీ సెజ్‌లో ఉద్యోగం చేసే మేనకోడలు. ఫోనుకి చిన్న మాక్రో లెన్సు తగిలించుకుని, సాయంత్రం డ్యూటీ దిగాక కొండ వార తుప్పల్లో తిరుగుతుంది. బలుసు తుప్పలో ఆమె ఒక సాలీడుని ఫొటో తీసింది. పొడవు అయిదారు మిల్లీమీటర్లుంటుందేమో. గుండ్రటి గూడు, గూటి నడుమ నిలువుగా ఒక చెత్త గీత, ఆ చెత్తలో తానూ చెత్తయి కాళ్ళు ముడుచుక్కూర్చున్న సాలీడు. ఫొటో కింద ‘సైక్లోసా ముల్మైనెన్సిస్’ అని పేరు రాసింది. మొదటి పదంతో, అంటే ప్రజాతి పేరుతో, మావయ్యకి పేచీ లేదు. తగువంతా రెండోదాని దగ్గర, జాతి పేరు దగ్గరే. నేను ఇద్దరికీ కావలసినవాణ్ణి గనక అక్కడక్కడ కుండలీకరణాల్లో నోరు చేసుకున్నాను.

మావయ్య: ప్రజాతి దాకా ఒప్పుకుంటానమ్మా. సైక్లోసా అని ఉంచు. ఆ రెండో ముక్క కొట్టెయ్.

మేనకోడలు: ఎందుకు కొట్టెయ్యాలి మావయ్యా? ఆ గీతలో ఉండలు చూశారా? పీల్చి వదిలేసిన పురుగుల డొల్లలు, గుడ్ల సంచులు కలిపి ఒక్కో ఉండా తన ఒంటి సైజులో కట్టుకుంది. తైవాన్ దగ్గర ఆర్కిడ్ ద్వీపంలో ముల్మైనెన్సిస్ సరిగ్గా ఇదే పని చేస్తుందని 2009లో సెంగ్, సో అనే ఇద్దరు రాశారు. ఉండలున్న గూళ్ళ మీదికి కందిరీగలు ఎక్కువే వచ్చాయి గానీ, వచ్చినవి సాలీడుని వదిలి ఉండల మీద పడ్డాయట. ఇంతకంటే ఏం ఆధారం కావాలి?

మావయ్య: ఆ జాతి అలా చేస్తుందని వాళ్ళు చూశారు. వేరే జాతులు చెయ్యవని చెప్పలేదు కదా! 2012లో పెరూ అడవుల్లో చెత్తతో తన బొమ్మనే, కాళ్ళతో సహా, కట్టుకున్న సాలీడు కనబడిందని లోకమంతా చెప్పుకున్నారు. అదీ సైక్లోసాయే కావచ్చన్నారు. ఫిలిప్పీన్స్‌లోనూ అలాంటిది దొరికింది. ప్రపంచం మొత్తం మీద ఈ ప్రజాతిలో 170కి పైగా జాతులున్నాయి, చెత్త గీత పెట్టే అలవాటు వాటిలో చాలావాటికుంది. అలవాటుని బట్టి జాతి పేరు రాయడమంటే, పంచె కట్టుని బట్టి మనిషి ఇంటిపేరు చెప్పడమే.

మేనకోడలు: మరి ప్రజాతి మాత్రం ఎలా ఒప్పుకున్నారు? అదీ ఈ ఫొటో చూసేగా?

మావయ్య: ఫోనిలా ఇయ్యి. పెద్దది చెయ్యి, ఇంకా. ఇదుగో, ఈ ముందు భాగం, తలా ఛాతీ కలిసిన డొప్ప. తల వైపు సన్నబడింది. తలకీ వెనక భాగానికీ మధ్య యూ ఆకారంలో ఒక గాడి ఉంది, కనిపించిందా? ఇప్పుడు కళ్ళు చూడు. ఎనిమిది, రెండు వరసలు. వెనక వరసలో నడిమి రెండూ ఒకదాన్నొకటి ఆనుకున్నంత దగ్గరున్నాయి. ఇక పొట్ట. దారం వచ్చే బుడిపెలు ఇక్కడ, అడుగునున్నాయి. పొట్ట వాటి దగ్గర ఆగకుండా వెనక్కి సాగింది. గాడి, కళ్ళు, తోక, మూడూ ఒక్కదానిలో కనిపించాయి గనక సైక్లోసా అని ధైర్యంగా రాస్తాను. తోక ఒక్కటే చూపిస్తే రాయను. తోక ఎరియోవిక్సియాకీ ఉంటుంది. 2016లో కర్ణాటక పడమటి కనుమల్లో దొరికినదానికి హారీ పాటర్ కథలో మాట్లాడే టోపీ సొంతదారు పేరు పెట్టారే, గ్రిఫిండోరి, అది ఆ ప్రజాతే.

మేనకోడలు: అది నాకూ తెలుసు. ఆఫీసులో అందరూ ఫార్వర్డ్ చేసుకున్నారు.

మావయ్య: పేరు ఫార్వర్డ్ చేసుకున్నారు. దాని ఎపిజైన్ బొమ్మ ఎవరైనా చేశారా?

(ఎపిజైన్ సంగతి ముందుముందు వస్తుంది. ఈలోగా ఒక మాట. సైక్లోసా అనే ప్రజాతిని 1866లో నిలబెట్టిన ఆంటన్ మెంగే కూడా మన మావయ్యలాగే మాస్టారు. డాన్‌జిగ్‌లో పాఠాలు చెప్పుకుంటూ సాలీళ్ళని చూసేవాడు. ప్రజాతికి ఆధారంగా నిలిచిన కోనికా అనే జాతిని అంతకు చాలా ముందే, 1772లో, పాలాస్ వర్ణించాడు.)

మేనకోడలు: మీ పుస్తకాలన్నీ చచ్చిన సాలీళ్ళ పుస్తకాలు మావయ్యా. ఆల్కహాల్లో ముంచాక గూడుండదు, చెత్త గీతుండదు, రంగు వెలిసిపోతుంది. మామూలుగా గుండ్రటి గూడు కట్టే సాలీళ్ళు తలకిందులుగా కూర్చుంటాయి, గూట్లో కింది సగం పెద్దదిగా ఉంటుంది. సైక్లోసాల్లో కొన్ని తల పైకి పెట్టుక్కూర్చుంటాయి, వాటి గూళ్ళలో పై సగమే పెద్దది. జపాన్ సైక్లోసాల మీద 2010లో ఇది అచ్చయింది. చెప్పండి, మీ సీసాల్లో ఏదానికి తల పైనుందో ఏదానికి కిందుందో తెలుస్తుందా?

మావయ్య: తెలీదు. తెలుసుకోవలసిన సంగతే, కాదనను. కానీ గూటిని నమ్ముకుంటే ఏమవుతుందో విను. అమెరికాలో బైఫర్కా అని ఒకటుంది. గుడ్ల సంచులు నిలువు వరసలో కట్టి ఆ వరసలో దాక్కుంటుంది. చాలాకాలం దాన్ని సైక్లోసా అనే అన్నారు. హార్వర్డ్ మ్యూజియంలో హెర్బర్ట్ లెవీ దక్షిణ, మధ్య అమెరికాల సైక్లోసాలన్నిటినీ ముందేసుకుని, జననాంగాలు పోల్చి, 1999లో దీన్ని బయటికి తీశాడు. అల్లోసైక్లోసా అని వేరే ప్రజాతి పెట్టాడు. గీత ఉంది, దాక్కోవడం ఉంది, అయినా సైక్లోసా కాదు.

మేనకోడలు: గూటి ఆకారం సరే, దారం మాటేమిటి? ఈ రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి చూడండి. ఇది బలుసు తుప్పలోది. చుట్లు తిరిగిన దారం మీద జిగురు చుక్కలు వరసగా ఉన్నాయి, లెక్కపెట్టచ్చు కూడా. ఈ రెండోది మా ఆఫీసు ప్రహరీ మూలలోది. అదే గుండ్రటి గూడు, అలాగే మధ్యలో తెల్ల గీత. కానీ దారం మీద ఒక్క చుక్క లేదు. నూగుగా ఉంది. జిగురు లేకుండా ఆ నూగులోనే పురుగు కాళ్ళు చిక్కుకుంటాయి. ఇది యులోబోరిడే కుటుంబం. విషగ్రంథులే లేని సాలీళ్ళు! దూరం నుంచి చూస్తే అక్కచెల్లెళ్ళే అనిపిస్తాయి. నేను చంపకుండా, ముట్టుకోకుండా, దారం చూసి కుటుంబాలు విడదీశాను.

మావయ్య: సీసాలో అయినా విడదీస్తాను. ఆ నూగు దువ్వడానికి వెనక కాళ్ళ మీద వెంట్రుకల వరస ఒకటుంటుంది.

మేనకోడలు: మీరు కాలి వెంట్రుకలు చూసి కనుక్కున్నారు, నేను దారం చూసి కనుక్కున్నాను. ఇద్దరికీ వచ్చిన జవాబు ఒకటే. 2014లో రెండు బృందాలు విడివిడిగా జన్యువులు పోల్చి చూస్తే, గుండ్రటి గూడు కట్టేవన్నీ ఒక వంశం కాదని తేలింది. నూగు దారం వాళ్ళు జిగురు దారం వాళ్ళ కంటే, గూడే కట్టకుండా తిరిగి వేటాడే సాలీళ్ళకి దగ్గర చుట్టాలట.

మావయ్య: చూశావా, గూడు మోసం చేసిందని నువ్వే చెబుతున్నావు.

మేనకోడలు: గూటి ఆకారం మోసం చేసింది. దారం చెయ్యలేదు.

(ఈ మాట దగ్గర నా ఓటు పిల్లకే. మావయ్య టీ కప్పు అందుకున్నారు, జవాబు చెప్పలేదు.)

మావయ్య: సరే, కుటుంబం విడదీశావు, ప్రజాతి దాకా వచ్చావు. ఇక్కణ్ణుంచి ముందుకెళ్ళాలంటే దారం చాలదు. ముల్మైనెన్సిస్ అంటే మౌల్మీన్ ఊరిదని కదా. మన ఉత్తరాంధ్ర జనం, గోదావరి జిల్లాల జనం ఓడలెక్కి రంగూనుకీ మౌల్మీనుకీ కూలికి పోతున్న రోజుల్లో, లియొనార్దో ఫియా అనే ఇటలీవాడు బర్మాలో తిరిగి పురుగులూ సాలీళ్ళూ పోగేశాడు. వాటిని థోరెల్ 1887లో వర్ణించాడు. ఫియా సేకరణ జెనోవా మ్యూజియంలో ఉంది. రుషికొండ తుప్పలోదీ అదే జాతి అని నువ్వంటే, ఆ బర్మా సాలీడుతో ఇది ఎక్కడ కలుస్తుందో చూపించాలి. చెత్త ఉండలు జెనోవాలో లేవు. ఉన్నది సాలీడు.

మేనకోడలు: దాంతో పోల్చడానికి నేనేం ఇవ్వాలి?

మావయ్య: ఎదిగిన ఆడదాన్ని ఒక్కదాన్ని. పొట్ట అడుగున, ముందు వైపు, గట్టిపడిన చిన్న పలక ఉంటుంది. అదే ఎపిజైన్. సైక్లోసాలో ఆ పలక మీంచి ఒక కొక్కెం సాగి ఉంటుంది. పలకని సన్న సూదులతో ఊడదీసి లవంగ నూనెలో వెయ్యాలి. కాసేపటికి పైపొర తేటపడుతుంది, లోపలి గొట్టాలు, వీర్యం దాచుకునే సంచులు కనిపిస్తాయి. గొట్టం ఎటు మెలిక తిరిగింది, ఎన్ని చుట్లు తిరిగింది, సంచులు ఆనుకున్నాయా ఎడంగా ఉన్నాయా, ఇవీ చూసేవి. మగదైతే మూతి పక్క పాల్పులు చూస్తాం. రంగులు ఒకే తల్లి పిల్లల్లోనే మారతాయి. పొట్ట మీద బుడిపెలు కూడా చిన్నప్పుడొకలా పెద్దయ్యాకొకలా ఉంటాయి. ఆ మెలికలు అంత తొందరగా మారవు. ఇంకో సంగతి. చివరి కుబుసం విడిస్తే గానీ ఎపిజైన్ ఏర్పడదు. నీ ఫొటోలో ఆ పలక ఉండే చోటు కనిపించడం లేదు. నీది పెద్దదో పిల్లదో నాకింతవరకూ తెలీదు.

మేనకోడలు: బుడిపెల్ని నమ్మకూడదని మీరే అంటారు. టికాదార్ గారు 1982లో ఒక సైక్లోసాకి హెక్సాట్యూబర్‌క్యులేటా అని పేరు పెట్టింది ఆరు బుడిపెలు చూసేగా!

మావయ్య: పేరు బుడిపెలు చూసి పెట్టాడు. ‘ఫానా ఆఫ్ ఇండియా’లో ఆ జాతి పక్కన ఎపిజైన్ బొమ్మ కూడా వేశాడు. ఈనాటి కొలతల్లో ఆ బొమ్మలు చాలవు, ఒప్పుకుంటాను. మన దేశపు సాలీళ్ళలో చాలావాటికి ఆడదో మగదో ఒక్కదాన్నే వర్ణించి ఊరుకున్నారు. తప్పులుంటాయి. కానీ తప్పని తేల్చడానికైనా ఆయన వదిలివెళ్ళిన నమూనాలుండాలి. నీ ఫొటో తప్పని ఎవరైనా అంటే నువ్వేం చూపిస్తావు? ఇంకో ఫొటోనా?

మేనకోడలు: పేరు కోసం ప్రాణం తియ్యడం నాకు నచ్చదు. అరుణాచల్‌లో రమణ ఆత్రేయ 2006లో బుగున్ లియోసిక్లా అని కొత్త పిట్టని లోకానికి చూపించారు. చంపారా? లేదు. అవి చాలా కొద్దిగానే కనిపించాయి గనక చంపకూడదనుకున్నారు. 2015లో దక్షిణాఫ్రికా ఈగ ఒకదానికి ఫొటోలు మాత్రమే చూసి పేరు పెట్టారు. అదీ చెల్లింది.

మావయ్య: ఆత్రేయ ఆ పిట్టని వలలో పట్టి, చేతిలోకి తీసుకుని, కొలతలు తీసి, ఈకలు దాచి వదిలేశారు. ఈక మిగిలింది కదమ్మా. పిట్ట జాతి ఈకలో కనిపిస్తుంది. సాలీడు జాతి ఈకలో ఉండదు, అడుగున ఉంటుంది. ఇక ఆ ఈగ వ్యవహారం. మరుసటేడే దాదాపు 500 మంది సంతకాలు పెట్టి, ఈ పద్ధతి వద్దని రాశారు. పేర్లు పెట్టే నియమం ఒప్పుకుందంటావు. నియమం ఒప్పుకున్నదల్లా చెయ్యాలనేముంది?

మేనకోడలు: డీఎన్‌ఏ ఉందిగా. కాలి చివర ముక్క చాలు.

మావయ్య: డీఎన్‌ఏలో 658 అక్షరాల ముక్క చదువుతావు. ఎవరితో పోలుస్తావు? ఎవరో ముందు ఎపిజైన్ చూసి, పేరు ఖాయం చేసి, సీసాలో దాచిన సాలీడు అక్షరాలతో. అక్కడ పేరు తప్పయితే నీకూ ఆ తప్పే అంటుకుంటుంది.

(మావయ్య వాదంలో నాకు బాగా నచ్చినది ఈ ముక్కే. యంత్రం ఎంత కొత్తదైనా చివరికి ఏదో ఒక సీసా దగ్గరికి చేరాల్సిందే.)

మేనకోడలు: మీ సీసా, మీ లేబులు రెండూ ఉన్నా నూరేళ్ళు తప్పు ఊళ్ళో వెతికారు మావయ్యా. మన రాష్ట్రంలోనే. నీలంగా మెరిసే పెద్ద సాలీడుని పోకాక్ 1899లో వర్ణించాడు, పోసిలోథీరియా మెటాలికా అని. దొరికింది గుత్తి రైల్వే కలప డిపోలో. ఒకే ఒక్కటి. తర్వాత ఎవరికీ కనబడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో, గుత్తికి వంద కిలోమీటర్ల దూరాన మళ్ళీ దొరికింది. ఆ మొదటిది కలపతో పాటు రైలెక్కి గుత్తి వచ్చుంటుందన్నారు. ఈలోగా పేరు ‘గుత్తి సాలీడు’ అని స్థిరపడిపోయింది.

మావయ్య: అక్కడ తప్పెవరిది? సాలీడు దొరికింది కలప డిపోలో అన్న వివరం మిగిలి ఉంది గనకే రైలు సంగతి ఊహకొచ్చింది. ఉత్త ‘గుత్తి’ అని మాత్రమే మిగిలుంటే, గుత్తి కోట రాళ్ళ కింద ఇంకా వెతుకుతూ ఉండేవాళ్ళు. జాతి విషయంలో మాత్రం సందేహమే రాలేదు. నూరేళ్ళ తర్వాత దొరికినదాన్ని పోల్చి చూసుకోవడానికి లండన్ మ్యూజియంలో ఆ మొదటిది ఉంది. అందుకే చెబుతున్నాను, సాలీడు సగం, లేబులు సగం. నీ ఫొటోకి లేబులేది? ‘వైజాగ్ వైబ్స్’ అని రాశావు.

మేనకోడలు: ఎక్కడ తీశానో చోటు కచ్చితంగా రాయడం మంచిదేనా? ఆ గుత్తి సాలీడు చోటు తెలిశాక ఏమైంది? దాన్ని పెంచుకునేవాళ్ళు ఎన్నో దేశాల్లో ఉన్నారు. అడవిలో ఉన్న జాగా వంద చదరపు కిలోమీటర్లు కూడా లేదంటారు. అంతరించే ప్రమాదం మరీ ఎక్కువున్నవాటి జాబితాలో ఉంది.

మావయ్య: అది నీలంగా మెరుస్తుంది, అరచెయ్యంత ఉంటుంది. చెత్తలో కూర్చునే ఈ అయిదు మిల్లీమీటర్లదాన్ని ఎవడు కొంటాడు? రుషికొండలో సాలీడుకి భయం దొంగలతో కాదు. 2021 తర్వాత కట్టడాల కోసం కొండని తొలిచి మట్టి లారీలకెత్తినప్పుడు నువ్వూ చూశావు. కోర్టుల్లో కొండ వాలు, కట్టడాల కొలతలు, అనుమతులు, అన్నీ మాట్లాడారు. ఆ తుప్పల్లో ఏ సాలీళ్ళుండేవని జడ్జి గారు అడిగితే ఎవరు ఏం చూపించగలరు? పేరు లేనిదానికి వకాల్తా ఎవరు పుచ్చుకుంటారు?

మేనకోడలు: పేరు ఖాయమయ్యేదాకా ఆగితే మీరన్నట్టు చూపించడానికి ఏదీ ఉండదు. మీ మైక్రోస్కోపు కింద మెలికలు లెక్కపెట్టేలోగా ఆ తుప్ప ఉంటుందో లేదో. నా ఫొటోకి జాతి పేరు లేకపోయినా, ఫలానా తేదీన ఫలానా తుప్పలో సైక్లోసా ఉందని చూపిస్తుంది. మీరే ప్రజాతి దాకా ఒప్పుకున్నారు. కోర్టుకి అది చాలు.

(కోర్టుకి చాలుతుందో లేదో వకీళ్ళు చెప్పాలి. నాకు వేరే దిగులుంది. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చినప్పట్నించీ రుషికొండ బీచ్‌లో చెత్త ఏరడం బాగా అలవాటైంది, మంచిదే. ఆ ఊపులో తుప్పల్ని కూడా చెత్త కింద జమకట్టి ఊడ్చేస్తారేమోనని.)

మావయ్య: తేదీ, చోటు ఉంటే ఒప్పుకుంటాను. నీ ఫొటో ఒక సాక్ష్యమే. కానీ జాతి మీద సాక్ష్యం కాదు, ఉనికి మీద సాక్ష్యం. రెండింటినీ కలపకు.

మేనకోడలు: మీరు కూడా మీ లేబుల్లో గూడు ఎలా ఉందో రాయండి మరి. ఊరు, జిల్లా, తేదీ, పట్టినవాడి పేరు రాసి వదిలేస్తారు. నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది, గీత నిలువా అడ్డమా, గుడ్ల సంచులున్నాయా, తల పైకా కిందికా?

మావయ్య: లేబులు గోరంత ఉంటుందమ్మా. సీసా లోపల పెట్టాలి, పెన్సిల్‌తో రాయాలి, మామూలు సిరా అయితే ఆల్కహాల్లో కరిగిపోతుంది.

మేనకోడలు: గోరంత దాని మీద నంబరు రాయండి. మిగతాది నోటుబుక్కులో రాయండి. ఆ నంబరుకి గూటి ఫొటో నేను జతచేస్తాను.

మావయ్య: అది బాగుంది. అలాగే చేద్దాం. అయితే సాలీడు కావాలిగా!

మేనకోడలు: చంపకుండా ఒక పద్ధతుంది. చిన్న గాజు సీసాలోకి తీసుకుని, వెనక నుంచి దూదితో మెల్లగా గాజుకి ఆనిస్తే అడుగు భాగం కనిపిస్తుంది. ఫొటో తీసి అదే కొమ్మ మీద వదిలేస్తాను.

మావయ్య: తియ్యి. పక్కన స్కేలు పెట్టు, పైనుంచీ పక్కనుంచీ కూడా తియ్యి. పలక కనిపించకపోతే పిల్లది, గొడవే లేదు, సైక్లోసా అని రాసి వదిలేద్దాం. కనిపిస్తే పెద్దదని తేలుతుంది. కానీ బయటికి కనిపించే కొక్కేన్ని బట్టి కొన్ని జాతుల్ని పక్కకి పెట్టగలను గానీ, ఇదే అని వేలు పెట్టి చెప్పలేను. గొట్టాల మెలిక గాజు మీంచి కనిపించదు. అప్పుడు మళ్ళీ సీసా మాట ఎత్తుతాను, ఇప్పుడే చెబుతున్నా.

మేనకోడలు: ఎత్తండి. కంబాలకొండలో అయితే ఇంకా ఎక్కువ కనిపిస్తాయి, కావాలంటే అక్కణ్ణుంచి...

మావయ్య: వద్దు. అది అభయారణ్యం. అటవీశాఖ కాగితం లేకుండా అక్కణ్ణుంచి చీమని కూడా తేకూడదు. నీ తుప్పలోదే కావాలి. ముల్మైనెన్సిస్ అన్నది దానికే కదా!

మేనకోడలు: అయితే నాదొక షరతు. ఆ తుప్పలో పది గూళ్ళకి తక్కువుంటే ఇవ్వను. గుడ్ల సంచులున్న గూటిదాన్ని అసలు ఇవ్వను.

మావయ్య: గుడ్లు పెట్టిందంటేనే పెద్దదని గ్యారంటీ. నువ్వు సరిగ్గా నాక్కావలసినదాన్నే వద్దంటున్నావు.

మేనకోడలు: గుడ్లు పిల్లలయ్యాక తీసుకోండి.

మావయ్య: అప్పటిదాకా తల్లి బతికుంటుందని ఎవరు చెప్పారు? పది ఎక్కువ. అయిదు గూళ్ళుంటే ఒకటి.

మేనకోడలు: ఎనిమిది. అప్పటిదాకా ఫొటో కింద ‘సైక్లోసా’, దాని పక్కన ప్రశ్నార్థకం. తేదీ, చోటు ఈ రాత్రికి రాసేస్తాను.

మావయ్య: ప్రశ్నార్థకం జాతి చోట పెట్టు. సైక్లోసా పక్కన పెట్టకు. ప్రజాతి మీద నాకు అనుమానం లేదని చెప్పానుగా.